నోట్సును అడిగితే చెబుతుంది

ఫోన్‌లో నోట్స్ రాసుకోవడం తేలికే, ఆరు నెలల తర్వాత వెతుక్కోవడమే కష్టం. ఆ పనికే నోట్స్ యాప్‌లలోకి ఏఐ వచ్చింది. నోషన్ అనే యాప్ దాన్ని 2023లో తెచ్చింది. గూగుల్ నోట్‌బుక్‌ఎల్ఎమ్ మొదలైందీ ఆ ఏడాదే.

ఇది పనిచేసే తీరు చూడండి. చాలావరకు ఈ యాప్‌లు మన రాతను ముక్కలు చేసి, ఒక్కో ముక్క అర్థాన్ని అంకెల వరుసగా మార్చి దాచుకుంటాయి. అందుకే మీరు "ఇంటి పన్ను ఎప్పుడు కట్టాను?" అని అడిగితే, నోట్సులో ‘మున్సిపాలిటీ రసీదు’ అని మాత్రమే ఉన్నా దొరికే అవకాశం ఉంది. దొరికినదాన్ని చదివి ఏఐ జవాబు కూరుస్తుంది. తేదీలు, లెక్కలు ఆ కూర్పులో తారుమారు కావచ్చు. నోట్‌బుక్‌ఎల్ఎమ్ జవాబు పక్కన చిన్న అంకె వేస్తుంది. నొక్కితే అసలు వాక్యం కనిపిస్తుంది. నొక్కే ఓపిక ఎందరికుందో మరి!

ఇక గోప్యత. సాధారణంగా మన రాతలు కంపెనీ సర్వర్లకు వెళ్తాయి. అబ్సిడియన్ అనే యాప్‌లో మాత్రం నోట్సు మన కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది. ప్లగిన్‌తో అక్కడే నడిచే ఏఐని జోడించుకోవచ్చు. దానికి కాస్త బలమైన కంప్యూటర్ కావాలి. పాస్‌వర్డ్‌లు, ఏటీఎం పిన్‌లు మాత్రం ఏ నోట్సులోనూ రాయకండి.