మోకాటి వంపును బొమ్మతో కొలుచుట
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చింతపండు తూచుకొను వారికి వైద్యవిషయములతో నేమి పని యని మీరనుకొనవచ్చును. తూనిక మా వృత్తి గనుకనే యీ విషయము మా మనస్సునకు పట్టినది.

మా పెద్ద మేనత్తగారు రెండేండ్లుగా పెండ్లిపంక్తిలో కూర్చుండుట మానిరి. మోకాలు వంగుట లేదనిరి. ఒకచోట ఎక్స్‌రే తీయించితిమి. బల్లపై పరుండబెట్టి తీసి, ఎముకల నడుమ సందు బాగుగనే యున్నదని వ్రాసి యిచ్చిరి. ఆ కాగితమును నమ్మి, "బొమ్మలో ఏమియు లేదు గదా, అత్తయ్యా" యని యేడాదిపాటు ఆమె బాధను కొట్టివేసితిమి. ఆమె మారు పలుకలేదు.

పిదప వేరొక వైద్యులు ఆమెను నిలువబెట్టి తీయించిరి. దేహభారము పడగానే లోపలివైపు సందు మూసికొనిపోయి, ఎముక ఎముకకు తగులుచున్నది. మూట నేలను ఆనియుండగనే తక్కెడ ముల్లు చూచి తూకము చెప్పినట్లయినది మొదటి బొమ్మ. నిలువబెట్టి తీయవలెనని స్వీడను దేశపు ఆల్‌బాక్ అను వైద్యుడు 1968లోనే నొక్కి చెప్పియున్నాడు.

తరువాత ప్రక్కనుండి రెండు బొమ్మలు తీసిరి: కాలు చాచినంత చాచి యొకటి, మడిచినంత మడిచి యొకటి. తొడయెముక వెంబడి ఒక గీత గీసి క్రిందికి పొడిగింతురు. మోకాలి క్రింది పెద్ద యెముక వెంబడి మరియొకటి. ఆ రెంటి నడిమి కోణమే వంపు. అత్తగారి కాలు నిటారునకు 10 డిగ్రీలు తక్కువ; మడత 95 డిగ్రీలు. నడకకు సుమారు 60 చాలును. నేలపై బాసిపెట్టు వేయుటకు, గొంతుకూర్చుండుటకు 110 మొదలు 165 దాకా కావలెనట. ఆమె పంక్తికి రాకపోవుట అలుక కాదు, అంకెయే!

మోకాలు తలుపు మడతబందు వంటిది కాదు. కాలు మడుచునపుడు తొడయెముక లోపలి గుండు ఇంచుమించు ఉన్నచోటనే తిరుగును, వెలుపలి గుండు వెనుకకు జరుగును. 2000 ప్రాంతమున ఎం.ఆర్.ఐ. బొమ్మలతో దీనిని స్పష్టముగా చూచిరి.

మన ధర్మపురి వారికి మరియొక చిక్కు కలదు, అది నీరు. ఫ్లోరైడు వ్యాధిని మన దేశమున 1937లో నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు పిల్లల మోకాళ్లు లోనికి వంగుటను గూర్చి హైదరాబాదు పోషకాహార సంస్థవారు 1973లో వ్రాసిరి. హొగెనకల్ నీరు 2013లో వచ్చుటకు ముందు మన పెద్దలు త్రాగినది బావినీరే, బోరునీరే. కావున నొప్పి అరుగుదల వలననా, ఫ్లోరైడు వలననా యని వైద్యులనడుగుడు. ముంజేతి ఎక్స్‌రే కూడ అందుకు తోడ్పడును. ప్రభుత్వ వైద్యకళాశాల 2008 నుండి మన యూరనే యున్నది. పాత బొమ్మలను పారవేయకుడు. ఈ యేటి అంకెకు నిరుటి అంకెయే పడికట్టు.

శస్త్రచికిత్స చేసికొన్నచో వ్రతమునకు పీటపై కూర్చుండగలనా యని అత్తగారడిగిరి. నడకలో నొప్పి తగ్గవచ్చును గాని నేలపై కూర్చుండుటకు మాట ఈయలేమని వైద్యులు చెప్పిరి. ఆమె యింకను ఏమియు నిశ్చయించుకొనలేదు.

రానున్న శ్రావణమాసపు విందునకు పంక్తి నడుమనే నాలుగు ఎత్తు బల్లలు వేయింప కార్యవర్గమును కోరుచున్నాము. గోడవార వేయవలదు. బల్లల ఖర్చు మా అంగడిది.