జిల్లా వచ్చింది.. నీళ్లెప్పుడు?

(నారాయణపేట జిల్లా బతుకు మీద విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



2019 ఫిబ్రవరి 17న పాలమూరు నుంచి విడిపోయి నారాయణపేట జిల్లా అయ్యింది. పదకొండు మండలాలతో మొదలైన చిన్న జిల్లా. నూటికి తొంభై మందికి పైగా పల్లెల్లోనే ఉంటరు. కలెక్టరేట్ దగ్గరికొచ్చింది, సంతోషమే. కానీ జిల్లా అంటే బోర్డూ, బంగ్లా మాత్రమేనా?

జిల్లా అంటే జనం. ఇక్కడి జనం ఎట్ల కలిసి బతుకుతున్నరో చూడండి. కృష్ణా, మాగనూరు మండలాల్లో ఇంట్లో కన్నడం, బజార్ల తెలుగు. పిల్లలకు కన్నడ మీడియం బడులున్నయి. పేటలో మరాఠీ, ఉర్దూ వినబడతయి. 1956లో గీత గీసి రాయచూరును, గుల్బర్గాను అటు ఇచ్చిన్రు. గీత పటం మీద పడ్డది గానీ చుట్టరికం మీద పడలే. పిల్లనిచ్చేది అటే, తెచ్చుకునేది అటే. మక్తల్ రైతు వడ్లు, పత్తి రాయచూరుకే తోలుతడు. పీర్ల పండుగకు హిందువులు అలావ్ చుట్టూ ఆడుతరు. ఇదీ మన సంస్కృతి. దీన్ని ఎవరూ జీవో ఇచ్చి తయారు చెయ్యలే.

మరి ఇంత కలివిడిగున్న ఊరును విడగొడుతున్నదెవరు? కరువు, అప్పు!

కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే మన తంగిడి దగ్గర. భీమా వచ్చి కలిసేదీ అక్కడే. రెండు నదులు ముంగిట్ల పారుతుంటే కోస్గి, మద్దూరు, దామరగిద్ద చెలకలు మొగులు దిక్కు చూసినయి. వానొస్తే కంది, లేకుంటే బొంబాయి బస్సు. దీపావళి దాటినంక మేస్త్రి అడ్వాన్సు తీసుకొని ఆలుమగలు మూటలు కట్టేది. ముసలోళ్లు గడప కాడ మిగిలేది. పిల్లలు పలకలు వదిలి తట్టలు పట్టేది. 2011 లెక్కల్లో ఈ ప్రాంతంలో చదువొచ్చినోళ్లు సగం మందే అంటే కారణం పిల్లల తెలివి కాదు, తల్లిదండ్రుల వలస!

2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే పాలమూరు ఉండె. కొందరు ఊర్లనే ఆగిన్రు. భీమా ఎత్తిపోతలతో, సంగంబండ, భూత్పూర్ రిజర్వాయర్లతో మక్తల్ దిక్కు కొన్ని మళ్లు తడిసినయి. నీళ్లొచ్చిన కాడికి మనుషులు తిరిగొస్తరని దానితోనే తేలింది. వలస మన తలరాత కాదు!

ఇంక మెట్ట మండలాల సంగతి. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు 2014 మే నెలలో జీవో 69 వచ్చింది. శంకుస్థాపన 2024 ఫిబ్రవరిలో. నడుమ పదేళ్లు! ఆ పదేళ్లలో పుట్టిన పిల్లలు బడికి పోయిన్రా, తల్లి వెంట పనికి పోయిన్రా? ఎవరన్న లెక్క చెప్పాలె.

ఇంకో మాట. కాల్వకు భూమి పోయే రైతును అభివృద్ధికి అడ్డమనకండి. రెండెకరాలున్నోనికి ఆ రెండెకరాలే రాజ్యం. పొలానికి నీళ్లు అడుగుడు ఎంత న్యాయమో, పోయే పొలానికి ధర అడుగుడూ అంతే న్యాయం.

ఉద్యోగ మిత్రులారా, పరిహారం ఫైలు మీ టేబుల్ మీద ఆగొద్దు. విద్యార్థులారా, మీ ఊర్ల తాళం పడ్డ ఇండ్లను లెక్కబెట్టండి. ఏ నెల పోయిన్రు, ఎంత అప్పుకు పోయిన్రు, పిల్లల్ని ఎక్కడ విడిచిన్రు, అన్నీ రాసి గ్రామసభలో చదవండి. రాష్ట్రం అడిగి తెచ్చుకున్నోళ్లం. నీళ్లు అడగనీకి మనకు మొహమాటమెందుకు?

తాళాలు తెరుచుకున్ననాడే జిల్లా వచ్చినట్టు!