ఇంట్లో క్లారినెట్: ఆలనా పాలనా
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద డి.ఎ. బకాయిల గురించీ, జీవన ప్రమాణ పత్రాల గురించీ మాట్లాడడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు సాయంత్రంపూట క్లారినెట్ వాయిస్తారటగా, దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన గుమాస్తాను. కాబట్టి సంగీతం జోలికి పోను. ఆ వస్తువును ఇంట్లో ఎలా చూసుకోవాలో, దాన్ని నేను ఎలా పాడుచేశానో, అది మాత్రం మనవి చేసుకుంటాను.

ముందుగా వాద్యం గురించి రెండు ముక్కలు. క్లారినెట్ పుట్టింది జర్మనీ దేశపు న్యూరెంబర్గులో, సుమారు 1700 ప్రాంతంలో. తయారుచేసినవాడు డెన్నర్ అనే వాద్యనిర్మాత అని చెబుతారు. తెల్లవాళ్ళ సైనిక బ్యాండ్లతో మన దేశానికి వచ్చింది. తంజావూరు వైపు కచేరీలలోకి ఎక్కింది. తిరుచిరాపల్లికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ గారు దాని మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. మన జిల్లాలలో మాత్రం అది పెళ్ళి బ్యాండు మేళంలో, ఊరేగింపులలో ముందు నడిచే వాద్యం.

మా నాన్నగారు అలా ముందు నడిచిన మనిషే. 1948లో ఒక పాత క్లారినెట్ కొన్నారు. 1966లో ఆయన పోయాక అది మా అన్నయ్య చేతికి వచ్చింది. నా పి.యు.సి., నా డిగ్రీ ఫీజులు ఆ గొట్టంలోంచి వచ్చినవే. ఈ మాట సర్వీసులో ఉన్నంతకాలం నేను ఎవరితోనూ చెప్పలేదు. మా ఆఫీసులో పెద్ద అధికారిగారి అమ్మాయి పెళ్ళికి మేమంతా కుర్చీలలో కూర్చుని ఉండగా మేళం వచ్చింది. ముందు మా అన్నయ్య. నేను తల వంచుకుని చేతిలో ఉన్న శుభలేఖ చదువుకుంటూ కూర్చున్నాను. తరవాత ఇంటికి వెళితే అన్నయ్య, "నీకు ఇబ్బందని నేనే చూడనట్లు వెళ్ళిపోయానురా" అన్నాడు. అన్నం పెట్టించాడు. తిని వచ్చాను.

2008లో అన్నయ్య పోయాడు. కర్మకాండ అయ్యాక మా వదిన పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని అటక మీద పెట్టాను. ఆఫీసులో ఇరవై ఏళ్ళు స్టాకు రిజిస్టరు రాసినవాణ్ణి, ప్రతి ఏటా ప్రతి వస్తువూ సరిచూసి సంతకం పెట్టినవాణ్ణి. ఇంట్లో ఉన్న ఆ ఒక్క వస్తువును ఏడాదికి పైగా తెరిచి చూడలేదు.

రిటైరయ్యాక, 2010 వేసవిలో తెరిచాను. మీటల అడుగున ప్యాడ్లు ఉంటాయి. లోపల ఫెల్టు, పైన పల్చటి పొర. వాటిని పురుగు తినేసింది. జాయింట్ల చుట్టూ ఉండే బెండు ఎండి పెళ్ళలుగా ఊడింది. మౌత్‌పీసు లోపల తెల్లగా గారలా పేరుకుంది. ముక్కవాసన. ఇక నేను చేసిన ఘనకార్యాలు వరుసగా చెబుతాను, మీరు చెయ్యకుండా ఉండడానికి.

మొదటిది, మౌత్‌పీసును మరిగే నీళ్ళలో వేశాను. అది ఎబొనైటు, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడికి గంధకం వాసన కొట్టి, నల్లటిది కాస్తా ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగింది. వేడికి దాని ఆకారం కూడా చెడుతుందని తరవాత తెలిసింది. రెండోది, వాసన పోవాలని గొట్టాన్ని మే నెల ఎండలో డాబా మీద పెట్టాను. మూడోది, ఎండలోంచి తీసి ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించాను. మిగిలిన ప్యాడ్లు కూడా నానిపోయాయి. నాలుగోది, ప్యాడ్లు వేయించుకుని వచ్చిన రోజునే ఆత్రం పట్టలేక గంటసేపు ఊదాను. రాని వాయిద్యం, చిన్నప్పుడు అన్నయ్య నేర్పిన నాలుగు స్వరాలు. మర్నాడు చూస్తే పై జాయింటు మీద రెండంగుళాల పగులు.

ఎందుకు పగిలిందో మరమ్మతు చేసే ముసలాయన విడమరచి చెప్పాడు. మంచి క్లారినెట్లు ఆఫ్రికాలో పెరిగే ఒక నల్లచెక్కతో చేస్తారు. చాలా బరువైన, గట్టి చెక్క. అయినా చెక్క చెక్కే. ఊదినప్పుడు మన ఊపిరిలోని వెచ్చటి తేమ లోపలి వైపు పీల్చుకుని ఉబ్బుతుంది. బయటి వైపు ఎండలో బిగుసుకుని ఉంది. లోపలిది ఉబ్బుతూ ఉంటే బయటిది సాగలేక చీలుతుంది. మౌత్‌పీసుకు దగ్గరగా ఉండి ఎక్కువ తేమ తగిలేది పై జాయింటుకే కనక పగులు సాధారణంగా అక్కడే వస్తుంది. ఆయన పగులును జిగురుతో మూసి, అడ్డంగా సన్నటి ఉక్కు ముక్కలు దిగగొట్టి కట్టుదిట్టం చేశాడు. చేస్తూ, "అయ్యా, ఎన్నాళ్ళుగానో ఊదని చెక్కను కొత్త చెక్కలాగే చూడాలి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు, ఆపైన మెల్లమెల్లగా పెంచాలి" అన్నాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నదీ, ఈ పదిహేనేళ్ళలో అనుభవం మీద తెలుసుకున్నదీ ఇప్పుడు చెబుతాను.

వాయించే ముందు: నోరు పుక్కిలించాలి. మిఠాయి తిని, కాఫీ తాగి ఊదితే ఆ తీపి ప్యాడ్లకు అంటుకుని మీటలు జిగటగా అతుక్కుంటాయి. గొట్టం అయిదు ముక్కలుగా వస్తుంది: మౌత్‌పీసు, బ్యారెల్, పై జాయింటు, కింది జాయింటు, బెల్. ఒకదానిలో ఒకటి దూర్చేటప్పుడు అటూ ఇటూ ఊపకూడదు. మెల్లగా తిప్పుతూ దించాలి. రెండు జాయింట్లనూ కలిపే చోట పైదాని మీట ఒకటి కిందిదాని మీటపైకి వస్తుంది. పై జాయింటు మీద వేళ్ళు పెట్టే రింగులను నొక్కి పట్టుకుంటే ఆ మీట పైకి లేస్తుంది. అప్పుడు కలపాలి. లేకపోతే వంగుతుంది. బెండు బిగుతుగా ఉంటే, దానికోసమే అమ్మే కార్కు గ్రీజు గోటిమీద పట్టేంత రాయాలి. ఒంటి నూనెలు, వంట నూనెలు వద్దు.

వాయించిన తరవాత: ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఎంత అలసటగా ఉన్నా లోపలి తడి తుడవకుండా పెట్టెలో పెట్టకూడదు. నేను మా ఆవిడ పాత నూలు చీర ముక్క, పోగులు ఊడకుండా అంచు కుట్టించి, దారానికి కట్టి, దారం చివర చిన్న బరువు కట్టి వాడుతున్నాను. బెల్ వైపునుంచి బరువును జారవిడిచి, రెండో వైపునుంచి నెమ్మదిగా లాగాలి. పై జాయింటు లోపల సన్నటి ఇత్తడి గొట్టం ఒకటి పొడుచుకు వచ్చి ఉంటుంది. గుడ్డ దానికి తగులుకుంటే బలవంతంగా లాగవద్దు, వెనక్కి తియ్యండి. ముక్కల అంచుల్లోనూ, బెండు దగ్గరా తడి నిలుస్తుంది. అక్కడ వేలికి గుడ్డ చుట్టి తుడవాలి.

వాయిస్తుండగా గుడగుడమని చప్పుడు వస్తే ఏదో రంధ్రంలో నీరు చేరిందన్నమాట. పల్చటి సిగరెట్ కాగితం ప్యాడు కింద పెట్టి, మీటను మెల్లగా నొక్కితే నీరు పీల్చుకుంటుంది. పౌడరు చల్లితే తడితో కలిసి ముద్ద అవుతుంది.

రీడు: ఇది ఒక రకం రెల్లు జాతి గడ్డి పుల్ల. దాన్ని మౌత్‌పీసు మీదే వదిలేస్తే బూజు పడుతుంది, వంకర తిరుగుతుంది. తీసి, తుడిచి, చదునైన గాజు పలక మీద ఆరనివ్వాలి. నేను మూడు రీడ్లకు పెన్సిలుతో 1, 2, 3 అంకెలు వేసి రోజుకొకటి వాడతాను. వెనక ఎన్నాళ్ళు వస్తుందో అంతకంటే ఎక్కువ వస్తుంది. అంచు చిట్లిన రీడును మొహమాటం లేకుండా పారెయ్యండి. ఒకరు నోట పెట్టిన రీడు మరొకరు పెట్టుకోవద్దు, మనవలైనా సరే.

మౌత్‌పీసు: వారానికొకసారి గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ. అంతే. రీడు ఆనే చదును భాగాన్ని గీకకూడదు. అది అరిగితే స్వరం పోతుంది. మనలో కట్టుడుపళ్ళవారు ఉన్నారు కాబట్టి ఒక మాట: పైపళ్ళు ఆనే చోట అతికించే పల్చటి రబ్బరు బిళ్ళలు దొరుకుతాయి. అవి పెడితే అదురు తగ్గుతుంది. గుండె జబ్బు, హెర్నియా, కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవారు మాత్రం ఊదే ముందు డాక్టరుగారిని అడగండి.

నూనె: ఎబొనైటు, ప్లాస్టిక్ గొట్టాలకు నూనె అక్కరలేదు. చెక్కదానికి, లోపల బాగా పొడిబారినట్లు కనిపిస్తేనే, దానికోసం అమ్మే నూనె రెండు మూడు చుక్కలు గుడ్డకు అద్ది లోపల తుడవాలి. ప్యాడ్లకు తగలకుండా వాటి కింద కాగితం ముక్కలు పెట్టుకోవాలి. మీటల మరలకు ఆరు నెలలకొకసారి సూదిమొనతో సన్నని మిషను నూనె ఒక చుక్క. మీటలను ఇత్తడి చెంబులు తోమే పాలిషుతో మెరిపించాలని చూడకండి. ఆ పొడి కీళ్ళలో చేరి అరగదీస్తుంది. పొడిగుడ్డ చాలు.

పెట్టె: ఎండ, కిటికీ, వంటిల్లు, ఏ.సి. గాలి ఎదురుగా తగిలే చోటు, కారు డిక్కీ, ఇవేవీ పనికిరావు. మంచం పక్క బీరువాలో మధ్య అర మేలు. వర్షాకాలంలో తేమ పీల్చే పొట్లం ఒకటి వేస్తాను. కలరా ఉండలు వెయ్యను. అది నోట పెట్టుకునే వస్తువు కదా. పురుగు పట్టకుండా ఉండడానికి నేను కనిపెట్టిన మందు, వారానికి రెండుసార్లయినా తెరవడమే. చలికాలం ఉదయాన్నే వాయించాల్సివస్తే ముందు చేతులతో పట్టుకుని కాస్త వెచ్చబడనిచ్చి, అప్పుడు ఊదండి.

పరీక్ష: ప్యాడ్లు సరిగా మూస్తున్నాయో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఒక జాయింటు రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, కింది కొనను అరచేతితో మూసి, పై కొననుంచి నోటితో గాలి పీల్చండి. పీల్చిన పట్టు రెండు మూడు క్షణాలు నిలిస్తే సరే. వెంటనే జారిపోతే ఎక్కడో లీకు ఉంది. అప్పుడు మరమ్మతు తెలిసినవారికి చూపించండి. మీట వంచి సరిచేద్దామని మనం పూనుకోవద్దు.

ఇకపోతే, పగులు సంగతి మా వదినకు చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. 2011 సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు పెట్టె ఆమె ముందు పెట్టి, "వదినా, నేను దీన్ని పగలగొట్టాను" అన్నాను. ఆమె అద్దాలు పెట్టుకుని పగులును చూసింది. తరవాత బెల్ తిప్పి దాని అంచున ఉన్న లోహపు కట్టు చూపించి, "ఇదేమిటో తెలుసా అబ్బాయ్?" అంది. కంపెనీవాళ్ళు వేసింది అన్నాను. "కాదు. ఒక పెళ్ళి నుంచి వస్తూ మీ అన్నయ్య సైకిలు మీంచి పడ్డాడు. అంచు చిట్లితే కట్టు వేయించాడు. నీ డిగ్రీ ఆఖరేడు. ఆ నెల నీకు డబ్బు ఆలస్యంగా పంపాడు, నువ్వు కోపంగా ఉత్తరం రాశావు. ఈ గొట్టాన్ని నువ్వు ఎప్పుడూ చేతిలోకి తీసుకుని చూడలేదు గనక నీకు తెలీదు" అంది.

నాకు ఆ ఉత్తరం గుర్తుంది. ఏం రాశానో కూడా గుర్తుంది. ఆమె అంతకుమించి ఏమీ అనలేదు. "ఏదీ, ఒకటి వాయించు" అంది. వచ్చింది వాయించాను. తప్పులు పోయాయి. చివరిదాకా వింది.

మా వదిన 2019లో కాలం చేసింది. ఇప్పుడు అన్నయ్య మనవరాలు ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు నా దగ్గర ఆ గొట్టం పడుతోంది. నాకంటే బాగా పలికిస్తోంది. పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించాను. ఆఫీసు భాషలో హిస్టరీ షీటు. కొన్న సంవత్సరం, బెల్ చిట్లిన సంగతి, పగులు, ఎవరివల్ల, ఏ కారణం చేత, ప్యాడ్లు మార్చిన తేదీలు, నూనె వేసిన తేదీలు, అన్నీ రాశాను. "ఎవరివల్ల" అన్నచోట నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. వచ్చే వేసవికి పెట్టె ఆ పిల్లకు అప్పజెబుతున్నాను.

చివరగా మీకు నా విజ్ఞప్తి ఒకటే. మీ ఇళ్ళల్లో కూడా అటక మీద ఒక ఫిడేలో, హార్మనీ పెట్టెనో, మృదంగమో ఉండే ఉంటుంది. ఈ వారంలోనే కిందికి దించండి. పొడిగుడ్డతో తుడవండి. ఎవరిదో, ఎప్పటిదో మీ పిల్లలకు చెప్పండి. మీకు రాకపోతే వచ్చినవారి చేతికి ఇవ్వండి. దయచేసి ఎండలో మాత్రం పెట్టకండి.