పాదములకు తగిన పాదరక్షలు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు గుమ్మము కడ విడిచిన చెప్పులను కొంచెము పరికించినచో వాటిని తొడుగువారి నడక యెట్టిదో తెలియును. ఒక జోడు మడమ కడ వెలుపలి అంచున మాత్రమే అరిగియుండును. మరియొకటి లోపలి వైపునకు ఒరిగియుండును. వేరొక దానిలో వ్రేళ్ళ గుంటలు లోతుగా పడి, మడమ భాగము క్రొత్తదానివలె నుండును. చెప్పు జారిపోకుండుటకై దాని యజమాని వ్రేళ్ళతో బిగబట్టి నడచుచున్నాడని అర్థము. ఎద్దునకు నాడాలు కొట్టించు రైతు ముందుగా గిట్టను చూచి, కొలతను చూచి, పనివాని చేతిని చూచి గాని ఒప్పుకొనెడివాడు కాడు. అదే రైతు తన కాలికి చెప్పులు కొనునప్పుడు వెలను, రంగును చూచి ఊరకుండును. పాదముల నొప్పులలో పెక్కింటికి మూలము ఈ అశ్రద్ధయందే యున్నది.

పాదము చూచుటకు చిన్నదే గాని నిర్మాణమున మిక్కిలి చిక్కైనది. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు, 33 కీళ్ళు కలవు. రెండు పాదముల యెముకలు కలిపి 52. అనగా దేహమునందలి 206 ఎముకలలో నాలుగవ వంతు పాదములలోనే యున్నది. ఈ యెముకలు వంతెన కమాను వలె వంపుగా అమరియున్నవి. ఆ వంపును నిలుపుటకు మడమ యెముక నుండి వ్రేళ్ళ మొదళ్ళ వరకు ఒక గట్టి పట్టీ, వింటికి అల్లెత్రాడు వలె, అడుగున బిగిసియుండును. అడుగు వేసినప్పుడెల్ల ఈ పట్టీ సాగి మరల బిగియును. కఠినమైన నేలపై గంటల తరబడి నిలుచువారికి, దేహభారము పెరిగినవారికి, అట్టలవలె పలుచనైన చెప్పులతో దూరము నడచువారికి ఈ పట్టీ మడమను అంటుకొన్న చోట నలిగి నొప్పి పుట్టును. దాని గుర్తు సులభము. తెల్లవారి మంచము దిగి మొదటి అడుగు మోపగనే మడమలో ముల్లు దిగినట్లుండును. పది అడుగులు వేసిన పిమ్మట తగ్గును. చాలసేపు కూర్చుండి లేచినప్పుడు మరల వచ్చును.

ఈ నొప్పి యిటీవల ఎక్కువగా వినవచ్చుటకు ఇంటి నేలలును కొంత కారణము కావచ్చును. పూర్వపు మట్టి నేల, పేడతో అలికినది, కాలికి కొంత ఒదుగును. నేటి నాపరాయి, పాలరాయి, టైల్సు ఏమాత్రమును ఒదుగవు. మడమ నొప్పి గలవారు ఇంటిలోపలికై వేరుగా ఒక శుభ్రమైన మెత్తని జోడును ఉంచుకొనుట మంచిది. ఇంటిలో చెప్పులు తొడుగుట ఆచారమునకు విరుద్ధమని పెద్దలు సందేహింతురు. వీథిలో తిరిగిన చెప్పులను లోనికి తేరాదనుటయే ఆ యాచారపు భావము; గడప దాటని జోడునకు ఆ దోషము లేదు. మడమ కడ కొంచెము ఎత్తుగా, మెత్తగా నుండు చెప్పులును, పిక్క కండరములను ప్రతిదినము సాగదీయు అభ్యాసమును కలిసి చాలమందికి కొన్ని నెలలలో ఉపశమనము కలిగించును.

పాదరక్షల మాట ఎత్తగనే, “మా తాతలు చెప్పు లెరుగరు, వారికి ఏ నొప్పులు వచ్చినవి?” అను ప్రశ్న రాక మానదు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1992లో మణిపాలు వైద్యులు 2,300 మంది బాలబాలికల పాదములను పరీక్షించిన ఫలితములు ప్రకటితమైనవి. ముందు భాగము మూసియుండు బూట్లు తొడిగిన పిల్లలలో చదును పాదములు ఎక్కువగాను, చెప్పులు తొడుగువారిలో అంతకన్న తక్కువగాను, ఉత్త కాళ్ళతో తిరుగువారిలో అన్నిటికన్న తక్కువగాను కనబడినవి. అనగా పాదము స్వేచ్ఛగా కదలినప్పుడే బలపడును. అయినను తాతల కాలమున తుమ్మ ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినవారు, బహిర్భూములలో ఉత్త కాళ్ళతో నడచి కొంకిపురుగులను శరీరములోనికి చేర్చుకొని రక్తము క్షీణించినవారు, చీకటిలో పాముకాటునకు గురియైనవారు లెక్కకు మిక్కిలిగా నుండిరి.  కావున చెప్పులు వలయునా వద్దా అనునది కాదు ప్రశ్న. పాదమును బంధింపక కాపాడు చెప్పు ఏది అనునదే ప్రశ్న.

పూర్వము ఊరి చర్మకారుడు ఈ ప్రశ్నకు తన పద్ధతిలో సమాధానము చెప్పెడివాడు. తోలుపై కాలు మోపించి, చుట్టును గీత గీచి, ఆ గీతను బట్టి కోసెడివాడు. ఉంగటము బొటనవ్రేలికి బిగువైనచో వదులు చేసెడివాడు. వారము దినములలో చెప్పు కరచినదన్నచో ఆముదము రాచి, సుత్తితో కొట్టి మెత్తబరచి యిచ్చెడివాడు. ఆ కిర్రు చెప్పులు అందమునకు గొప్పవి కాకపోవచ్చును గాని అవి ఒక మనిషి కాలికై పుట్టినవి. అతనికి ఊరు ఇచ్చిన గౌరవము అతని పనికి తగినట్లు ఎన్నడును లేదు.

నేడు చెప్పులు నంబర్ల మీద అమ్ముడగుచున్నవి. ఈ నంబర్ల లెక్క యొక విచిత్రము. ఇంగ్లీషు పద్ధతిలో ఒక నంబరునకును తరువాతి నంబరునకును భేదము అంగుళములో మూడవ వంతు. యవధాన్యపు గింజలు మూడు వరుసగా పేర్చినచో ఒక అంగుళ మగునని వారు పూర్వము లెక్కించెడివారు. ఆ గింజయే నేటికిని చెప్పుల అంగళ్ళలో చెల్లుబడి యగుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును ఎనిమిది యవలు ఒక అంగుళమని యున్నది. అయితే ఆ అంగుళము వేరు, అది గింజ నడిమి వెడల్పు లెక్క. వెడల్పును కొలిచినవారి సంతతి పొడవు మాత్రమే చెప్పు నంబరుతో తృప్తి చెందవలసివచ్చినది! నంబరు పాదపు పొడవును చెప్పునే గాని వెడల్పును చెప్పదు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థవారు 2021, 2022 సంవత్సరములలో దేశమున పలుచోట్ల లక్షమందికి పైగా ప్రజల పాదములను కొలిచిరి. పాశ్చాత్యుల పాదములకన్న భారతీయుల పాదములు సామాన్యముగా వెడల్పని తేలినది. పరదేశపు అచ్చులపై తయారైన బూటులో కాలు పెట్టినవారు వ్రేళ్ళు నొక్కుకొనిపోవుచున్నవని చెప్పుట ఊరక కాదు. వెడల్పు చాలనప్పుడు చాలమంది ఒక నంబరు పెద్దది కొందురు. అప్పుడు వ్రేళ్ళకు చోటు చిక్కును గాని మడమ వదులై, కాలు ముందునకు జారి, నడకయే చెడును.

కొనబోవువాడు ఇంటియొద్దనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. కాగితముపై నిలుచుండి, మరియొకరిచేత పాదము చుట్టును పెన్సిలుతో గీత గీయించుకొనవలెను. కూర్చుండి గీచిన గీత పనికిరాదు. దేహభారము పడినప్పుడు పాదము విస్తరించును. రెండు పాదములకును గీయవలెను, ఏలయన ఒక పాదము రెండవదానికన్న కొంచెము పెద్దదిగా నుండుట సాధారణము. ఆ కాగితమును అంగడికి తీసికొనిపోయి, చెప్పును దానిపై పెట్టిచూడవలెను. చెప్పు అంచు దాటి గీత వెలుపల కనబడినచో ఆ చెప్పు ఎంత అందమైనదైనను దాని చోట దానిని ఉంచి రావలెను. సాయంకాలమున పాదములు కొంచెము ఉబ్బియుండును గనుక కొనుటకు ఆ వేళయే తగినది. పొడవైన వ్రేలికి ముందు — అది అందరికిని బొటనవ్రేలు కాదు, కొందరికి రెండవ వ్రేలు — బొటనవ్రేలు వెడల్పంత చోటు మిగులవలెను. బూటును చేతులతో వంచినప్పుడు వ్రేళ్ళ మొదళ్ళ కడ వంగవలెను. నడుమ విరిగినట్లు వంగునది పాదపు వంపును నిలుపజాలదు. మడమను చుట్టియుండు భాగము గట్టిగా నుండవలెను.

హవాయి చెప్పులు చవుక, నీటికి చెడవు. పెరటిలోనికి, స్నానమునకు అవి చాలును. వాటితో నాలుగు మైళ్ళు నడచుట వేరు సంగతి. మడమను పట్టియుంచు పట్టీ లేదు గనుక ప్రతి అడుగునను వ్రేళ్ళు ముడుచుకొని చెప్పును పట్టుకొనవలసివచ్చును. పావుకోళ్ళను తొడిగిన వృద్ధులకు ఈ శ్రమ తెలియును. దూరము నడచువారు వెనుక పట్టీ గల చెప్పులను కొనవలెను. పట్టీ లేని తోలు చెప్పునకు చెప్పులు కుట్టువాడు స్వల్ప వ్యయముతోనే దానిని అమర్చగలడు.

స్త్రీల విషయమున రెండు మాటలు. ముందు కొన సన్నగిల్లి, మడమ ఎత్తుగా నున్న జోళ్ళు దేహభారమునంతయు వ్రేళ్ళ మొదళ్ళపై త్రోయును. బొటనవ్రేలు ప్రక్కవ్రేలి మీదికి ఒరిగి, మొదట గనుపు పొడుచుకొనివచ్చుటను అవి త్వరపెట్టును. మెట్టెలు పెట్టుకొన్నవారు చెప్పు పట్టీ మెట్టె మీద ఒత్తకుండ చూచుకొనవలెను. ఆ యొత్తిడికి పుట్టిన ఆనెకాయలు వదలించుకొనుట కష్టము. పిల్లలకు రెండేండ్లు పనికివచ్చునని పెద్ద బూట్లు కొని, ముందు భాగమున దూది క్రుక్కుట కొందరు తల్లుల పొదుపు. పిల్లవాడు ఆ రెండేండ్లును కాళ్ళీడ్చుచు నడచును. మూడు నాలుగు నెలల కొకసారి పిల్లల కాలును బూటును సరిచూచుట అంతకన్న నిజమైన పొదుపు.

వేమన మహాకవి పాదరక్షలో జొరబడిన గులకరాతిని ఇంటి కలహముతో సమానమైన బాధగా ఎంచెను. ఆ గులకరాయి ఉన్నదని తెలియని మనిషిని గూర్చి ఇప్పుడు చెప్పవలసియున్నది. మధుమేహము, అనగా చక్కెర వ్యాధి, ఏండ్ల తరబడి అదుపు తప్పినచో పాదములలోని నరములు చచ్చుబడును. మొదట తిమ్మిరి, మంట. పిదప ఏమియు తెలియదు. నడచుచుండగా చెప్పు కాలినుండి జారిపోయినను తెలియక ఉత్త కాలితో సాగిపోవుట దీని గుర్తులలో ఒకటి. అట్టివానికి చెప్పు కరచినను నొప్పి లేదు, మేకు గ్రుచ్చుకొన్నను నొప్పి లేదు. నొప్పి లేదు గనుక వాడు నడచుచునే యుండును. పొక్కు పుండగును, పుండు ఎముకకు చేరును, చివరకు కాలు తీసివేయవలసివచ్చును. కుటుంబమును పోషించు మనిషి కాలు పోవుటకు మొదటి కారణము ఇరుకు చెప్పు కావచ్చునన్నచో వినువారికి అతిశయోక్తి వలె తోచును. శస్త్రవైద్యులకు అది పరిచితమైన సంగతి.

స్పర్శ లేని పాదమును కాపాడు విద్యకు దారి చూపినవారిలో డాక్టరు పాల్ బ్రాండు ముఖ్యుడు. ఆయన 1914లో తమిళదేశమునందలి కొల్లి కొండలలో జన్మించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. చిత్తూరు సీమ తెలుగువారు తరతరములుగా వైద్యమునకై పోవు చోటు అదియే. కుష్ఠువ్యాధి మాంసమును తినివేయుటచేతనే పాదములకు పుండ్లు పడునని అంతకుముందు తలచెడివారు. నొప్పి తెలియనందున రోగి ఒకేచోట ఒత్తిడిని మోపుచు నడచుటయే ఆ పుండ్లకు మూలమని బ్రాండును ఆయన సహచరులును కనుగొనిరి. ఒత్తిడిని పాదమంతటికిని పంచు పాదరక్షలు వారి పరిశ్రమ నుండి వచ్చినవి. లోపల సన్నని గాలి గదులు నిండిన మైక్రోసెల్యులర్ రబ్బరు పైన, గట్టి అడుగు క్రింద, మడమకు పట్టీ, ఉబ్బిన కాలికి సవరించుకొనగల బిగింపు — ఇవి వాటి లక్షణములు. వాటిలో మేకులు కొట్టరు. అడుగు అరిగినప్పుడు మేకు పైకి తేలినను తొడిగినవానికి తెలియదు గదా. ఎం.సి.ఆర్. చెప్పులను పేరుతో ఇవి నేడు మధుమేహ రోగులకును వైద్యులు చెప్పుచున్నారు.

చక్కెర వ్యాధి గలవారు ఏటేట వైద్యునిచేత పాదముల స్పర్శను పరీక్షింపజేసికొనవలెను. చెప్పు తొడుగుటకు ముందు లోపల చేయిపెట్టి తడవవలెను. రాత్రి పరుండబోవునప్పుడు అరికాళ్ళను చూచుకొనవలెను. చూపు ఆననివారికి ఇంటిలోని పిల్లలు ఆ పని చేయగలరు. వరిమడిలో చెప్పులతో దిగుట సాధ్యము కాదు. పని ముగియగనే కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు తుడిచి, గాయమేదైన నున్నదేమో చూచుకొనవలెను. దేవాలయ ప్రాకారములో మిట్టమధ్యాహ్నపు రాతిపై ప్రదక్షిణము చేసి, బొబ్బలను ఇంటికి వచ్చిన పిమ్మట చూచుకొను భక్తులు కలరు. అట్టివారు రాయి వేడెక్కక మునుపే ప్రాతఃకాలమున దర్శనము చేసికొందురు గాక.

క్రొత్త జోడును మొదటి దినముననే సంతకు గాని తీర్థమునకు గాని తొడిగి పోరాదు. ఇంటి వాకిట ఒక గంటసేపు నడచి, విడిచి, పాదమును వెలుతురులో చూడవలెను. ఎక్కడనైన చర్మము ఎఱ్ఱబడియున్నచో అరగంట ఆగి మరల చూడవలెను. ఎఱుపు పోయినచో మరునాడు రెండు గంటలు తొడుగవచ్చును. పోనిచో చెప్పు అచ్చట ఒత్తుచున్నదని అర్థము. అడుగు మాయకమునుపే దానిని అంగడివానికి తిరిగి యిచ్చుట మేలు.