సీటు కొరకు ప్రార్థించే ముందు
(తార్నాకలో జరిగిన కూడికలో తల్లిదండ్రులకు, యువజనులకు చేసిన ప్రసంగ పాఠము)



పదవ తరగతి ముగియగానే మన ఇళ్లలో ఒకే ప్రశ్న వినబడుతుంది: ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? పదిహేనేండ్ల బిడ్డ జీవితమంతా ఆ మూడక్షరాలలో ఇమిడిపోయినట్లే మాటలాడుకొంటాము.

నిరుడు ఒక సాయంకాలము మన సంఘపు యువకుడొకడు ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద మా ప్రక్కన కూర్చొని మనసు విప్పాడు. అతనికి చరిత్ర అంటే ప్రాణము. 1939లో ప్రారంభమైన ఆ భవనమును గురించి గంటసేపు చెప్పగలడు. కాని ఇంటివారు ఇంజనీరింగులో చేర్పించారు. రెండేండ్ల ఫీజు పోయింది. తప్పిన పేపర్లు మిగిలాయి. “అయ్యగారూ, నా సీటు కొరకు సంఘమంతా ప్రార్థించింది. నాకేమి ఇష్టమో ఒక్కరూ అడగలేదు” అన్నాడు. ఆ ప్రార్థన నడిపించినది మేమే. ఏమి జవాబు చెప్పగలము?

తలాంతుల ఉపమానములో యజమానుడు అందరికీ ఒకే లెక్కన ఇవ్వలేదు. ఎవరి శక్తిని చూచి వారికిచ్చాడు. మనమైతే పొరుగింటి బిడ్డ తలాంతును మన బిడ్డ చేతిలో వెదకుచున్నాము.

అయితే ఇష్టమొక్కటే చాలునని మేము చెప్పము. ఇంటి పరిస్థితి చూడాలి, పని దొరికే దారి చూడాలి, ఆ పనిని దగ్గరగా చూడాలి. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడ వైద్యులకే పని అనుకొంటాము. కాని ఆహారమును పరీక్షించుటకు రసాయన శాస్త్రము కావాలి. సర్వే లెక్కలకు గణాంక శాస్త్రము కావాలి. పల్లెలో ఇల్లాలు ఏమి వండిందో ఓర్పుతో అడిగి తెలిసికొనుటకు మనుష్యుల నెరిగిన మనసు కావాలి. ఒక్క గేటు లోపలనే ఇన్ని చదువులకు చోటున్నది.

కనుక మా మనవులు రెండు. మన సంఘములో నర్సులున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు, మెకానిక్కులున్నారు. ఆరాధన తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, మీ పనిలోని తీపితో పాటు చేదును కూడ చెప్పండి. రెండవది: డిగ్రీ ప్రవేశాల ‘దోస్త్’లో వెబ్ ఆప్షన్లు ఏ వరుసలో పెడితే ఆ వరుసలోనే సీటు చూస్తారు. ఆ వరుసను నెట్ సెంటరు కుర్రవానికి విడిచిపెట్టకండి. బిడ్డతో కూర్చొని వ్రాయండి.

ఆ యువకుడు ఈ యేడు బి.ఏ.లో చేరాడు. తండ్రిగారి కోపము ఇంకను తీరలేదు. మాతో ముక్తసరిగానే మాటలాడుచున్నారు. దానిని మేము భరించగలము. వచ్చే వేసవిలో సీటు కొరకు ప్రార్థన కోరి తప్పక రండి, బిడ్డను వెంటబెట్టుకొని రండి. మొదట బిడ్డనే అడుగుతాము, తరువాతనే మోకరిస్తాము.