ఇల్లు కురిసినప్పుడు ఎవరిని అడుగవలెను?



ఇంటిలో ఎవరికైన జ్వరము వచ్చినచో వైద్యుని అడుగుదుము. పైరునకు తెగులు సోకినచో వ్యవసాయాధికారిని అడుగుదుము. ఇంటి కప్పు కురిసినప్పుడు మాత్రము ఎవరినీ అడుగక, ఒక సిమెంటు బస్తా తెచ్చి పూత పూయుదుము. ఈ అలవాటును గురించియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మేము నివసించునది హైదరాబాదు చెంతనున్న ప్రగతి నగర్. అంబీర్ చెరువు ప్రక్కనున్న ఈ ఊరు, 2019 లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలియువరకు, మీ ఊళ్ళవలెనే గ్రామ పంచాయతీ. అక్కడ మా ఇంటి స్లాబు అడుగున అరచేయంత చెమ్మ మరక కనిపించినది. పూత పూయించితిమి. మరుసటి వానలకు మరల వచ్చినది. మరల పూయించితిమి. మూడవ యేట ఒక ఉదయమున, రాత్రి పిల్లలు పడుకొన్న చోటనే, పెద్ద పెచ్చు ఊడిపడినది. పిల్లలు అప్పుడే లేచి వెళ్ళియుండుటచే ప్రమాదము తప్పినది.

అప్పుడు గాని ఇంజనీరును పిలువవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. ఆయన మరకను ఒకసారి చూచి, తిన్నగా మేడపైకి ఎక్కిరి. మరకకు ఎనిమిది అడుగుల దూరమున, ఆకులతో పూడిన తూము వద్ద నీరు నిలిచి, పిట్టగోడ మొదట నున్న బీటలోనికి దిగుచున్నది. నీరు దిగిన చోటనే కురియవలెనను నియమము లేదు. లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టినవి. తుప్పు ఇనుముకంటె రెట్టింపునకు మించి చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులూడును. మేము పూసిన పూతలు రోగమును మాన్పలేదు, కంటికి కనపడకుండ దాచినవి.

కావున బాగుచేయుటకు ముందు కారణమును వెదుకుట మొదటి పని. నీరు ఎచట నుండి వచ్చుచున్నది? ఎప్పటి నుండి? బీట పెరుగుచున్నదా? బీట రెండు కొనల యొద్ద పెన్సిలుతో గీత గీసి, తేదీ వ్రాసి, నెల తరువాత చూడుడు. పూతపై వెంట్రుకవంటి సన్నని బీటలకు భయపడ నక్కరలేదు. బీట గోడకు రెండు వైపులను కనబడినను, ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా సాగినను, తలుపు బిగిసిపోవుచున్నను ఇంజనీరును అడుగక తప్పదు. బరువు మోయు గోడను గాని, స్తంభమును గాని ఎవరి మాట మీదను స్వయముగా కొట్టరాదు. చెమ్మగోడ తాకినప్పుడు జిల్లుమనినచో, గోడను విడిచి, మెయిన్ స్విచ్చి కట్టి, ఎలక్ట్రీషియనును పిలువవలెను.

మట్టిగోడలకు సిమెంటు పూత మేలని కొందరి నమ్మకము. అది గోడలోని చెమ్మను బయటకు పోనీయదు. కొంతకాలమునకు పొరలుపొరలుగా ఊడును. మట్టి పూతయో, సున్నపు పూతయో అట్టి గోడకు తగినది. సిమెంటు పని చేసిన చోట కనీసము ఏడు దినములు తడుపుట మరువరాదు. తూము శుభ్రపరచుట, కుళాయి వాషరు మార్చుట, తలుపు బందులు బిగించుట వంటివి ఎవరికి వారు చేసికొనవచ్చును.

ఇందు పంచాయతీ చేయదగిన దేమి? వానలకు ముందు, జ్యేష్ఠమాసమున ఒక దినము నిర్ణయించి, పంచాయతీరాజ్ ఇంజనీరును, అనుభవము గల తాపీమేస్త్రిని, ఎలక్ట్రీషియనును కార్యాలయమునకు పిలిపింపుడు. ప్రజలు తమ ఇంటి బాధలు చెప్పుకొందురు. ఒక పుస్తకమున వ్రాయించి, ప్రమాదకరమైన ఇండ్లను ముందుగా చూపింపుడు. ఆ దినముననే బడి, అంగన్‌వాడీ కప్పులను కూడ చూపింపుడు. పని నేర్చుకొనగోరు యువకులకు దారి చూపుడు. 1998 లో హైదరాబాదున స్థాపింపబడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీపని, విద్యుత్తు, కుళాయి పనులలో శిక్షణ నిచ్చు సంస్థ.

అడుగుటకు సిగ్గుపడి మేము మూడేండ్లు పోగొట్టుకొంటిమి. ఇంకను పెద్ద నష్టమే జరిగియుండెడిది. మీ ఊరిలో ఏ తల్లియు పిల్లల పక్కపై పెచ్చు పడిన తరువాత సలహా అడుగ నవసరము రాకుండుగాక. ఈ పని మీ చేతిలో నున్నది.