పిల్లల చేవ్రాత

చేవ్రాత మంచిదైన తలవ్రాత మంచిదగునని మనవారందురు. ఆ మాట పట్టుకొని పసిచేతులను దండింపరాదు.

3 ఏండ్ల బిడ్డ పలకపై గీచు పిచ్చిగీతలే వ్రాతకు తొలిమెట్టు. 5, 6 ఏండ్లకు వ్రేళ్ళకు పట్టు కుదిరి గీతలు అక్షరములగును. అప్పుడవి అద్దములోని నీడవలె తిరుగబడుట సహజము.

7, 8 ఏండ్ల పిల్లలు విన్నట్లు వ్రాయుదురు. ఇంట మనమే ఒత్తి పలుకము గనుక, 'భాష' పలకపై 'బాష' యగుచుండును. ఇది సోమరితనము కాదు. మనము స్పష్టముగ పలుకుచు, నిత్యము కథలు చదివి వినిపించినచో, ఇట్టివి క్రమముగ చాలవరకు సర్దుకొనును.

ఎడమచేతి వాటమును మాన్పింప బూనరాదు. 8 ఏండ్లు నిండియు అక్షరములు తిరుగబడుచునే యున్నచో, బెత్తము విడిచి నిపుణులను సంప్రదింపవలెను.